గోత్రాలు వేరు, జన్యువు ఒక్కటే

ఆపరేషన్‌కు ముందు మత్తు ఇచ్చాక రోగి గొంతులోకి ఊపిరి గొట్టం దించాలి. అందుకు కండరాలన్నీ చప్పున సడలాలి. ఆ పనికి డాక్టర్లు 1950ల నుంచీ వాడుతున్న మందు సక్సినైల్‌కోలిన్. సూది వేసిన నిమిషంలో ఒళ్లంతా వదులైపోతుంది, ఊపిరి పీల్చే కండరాలతో సహా. అయిదు పది నిమిషాలకల్లా దాని ప్రభావం తీరిపోతుంది, రోగి తన ఊపిరి తాను తీసుకోగలుగుతాడు. మందును అంత తొందరగా విరగ్గొట్టేది మన నెత్తుట్లోనే ఉన్న ఒక ఎంజైమ్. దాని పేరు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్. కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుంటుంది.

కొందరికి ఈ ఎంజైమ్ పుట్టుకతోనే ఉండదు. అలాంటి వారికి అదే మందు, అదే మోతాదు ఇస్తే గంటల తరబడి కండరాలు కదలవు. అంతసేపూ వెంటిలేటరే ఊపిరి. సంగతి తెలియక మత్తు ముందుగా ఆపేస్తే మరో నరకం: మెలకువ వస్తుంది, చుట్టూ మాటలు వినిపిస్తుంటాయి, కనురెప్ప మాత్రం కదపలేరు.

యూరప్ జనాభాలో ఈ లోపం దాదాపు లక్షమందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఆర్యవైశ్యుల్లో ఇది ఇతరులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తోందని 1979లోనే ఒక పరిశోధన పత్రం వచ్చింది. దానికి కారణమైన జన్యు మార్పును పట్టుకున్నది మాత్రం ఆంధ్రలో కాదు, కోయంబత్తూరులో. అక్కడి భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోహరన్, భూపతి, అమెరికాలో ఈ ఎంజైమ్ మీదే ఏళ్ల తరబడి పనిచేసిన ఒక్సానా లాక్‌రిడ్జ్‌తో కలిసి, కోయంబత్తూరు వైశ్య కుటుంబాల రక్తాన్ని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఎంజైమ్ 574 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 307వ చోట లూసిన్ ఉండాలి. వీళ్లలో దాని బదులు ప్రోలీన్ ఉంది. ఆ ఒక్క తేడాతో ఎంజైమ్ ఎందుకూ కొరగాకుండా పోయింది.

అదే బృందం మరుసటి ఏడాది ఇంకో మాట కూడా చెప్పింది. ఈ ఎంజైమ్ బొత్తిగా లేనివాళ్లు మామూలుగానే బతుకుతున్నారు, పిల్లల్ని కంటున్నారు, ముసలివాళ్లవుతున్నారు. ఆ మందు ఒంట్లోకి వెళ్తే తప్ప లోపం ఉన్నట్టే తెలియదు. అందుకే కుటుంబాల్లో వారసత్వంగా వచ్చే రక్త లోపాలు ఎలా నడుస్తాయో అర్థం చేసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ. ఇదే దారిలో వచ్చే తలసేమియాకు మాత్రం ఈ దయ లేదు.

దక్షిణానికి వచ్చిన తెలుగువాళ్లు

1529లో విశ్వనాథ నాయకుడు మధుర పగ్గాలు చేపట్టాడంటారు. ఆ వెనకా ముందూ విజయనగర సైన్యాలతో, వ్యాపారాలతో, మగ్గాలతో, నాగళ్లతో తెలుగువాళ్లు ఆ ప్రాంతానికి తరలివచ్చారు. కమ్మ నాయుళ్లు, రెడ్లు, రాజులు, దేవాంగులు, తెలుగు చెట్టియార్లు, వైశ్యులు, తోలుపని, పొలంపని చేసిన అరుంధతీయులు. కోయంబత్తూరు, మధుర చుట్టుపక్కల వీళ్ల ఊళ్లు నేటికీ ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చాలామందికి తెలుగు నోట ఉంది, చేత లేదు. చదువూ రాతా అంతా తమిళంలోనే.

భాష ఇన్ని వందల ఏళ్లు నిలబడటానికీ, జన్యువులు అదే గుంపులో తిరుగుతుండటానికీ కారణం ఒకటే: పెళ్లి. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ మనవాళ్లలోనే. పరాయి ప్రాంతంలో మనవాళ్లు కొద్దిమందే కాబట్టి ఆ వలయం ఇంకా చిన్నది. కోడలుగా వచ్చే పిల్ల తెలుగింటి పిల్లయితేనే పిల్లలకు తెలుగు వస్తుంది. ఆ పిల్ల అమ్మమ్మ నుంచి వచ్చిన జన్యువులూ దాంతోపాటే వస్తాయి.

రెండు ప్రతుల లెక్క

మన ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. తలసేమియా విషయంలో చూడవలసింది 11వ క్రోమోజోమ్ మీదున్న బీటా గ్లోబిన్ జన్యువు. ఎర్ర రక్తకణంలో ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. బీటా జన్యువు ఒక ప్రతి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది. అలాంటివాళ్లు క్యారియర్లు. వాళ్లకు జబ్బు లేదు. కొంచెం నెత్తురు తక్కువగా కనిపించవచ్చు, అంతే.

ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగు దారులు. ఇద్దరి నుంచీ మంచి ప్రతి రావడం ఒక దారి. ఒకరి నుంచి మంచిది, మరొకరి నుంచి చెడ్డది రావడం రెండు దారులు. ఆ బిడ్డ తల్లిదండ్రుల్లాగే క్యారియర్. ఇద్దరి నుంచీ చెడ్డదే రావడం నాలుగోది. ఆ బిడ్డకు తలసేమియా మేజర్. ఇక్కడే చాలామంది పొరబడతారు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురూ క్షేమమని అనుకుంటారు. నాలుగో వంతు అవకాశం ప్రతి కాన్పుకూ కొత్తగా మొదలవుతుంది.

ఆ బిడ్డ పుట్టినప్పుడు బొద్దుగా, ఆరోగ్యంగానే ఉంటుంది. కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్‌కు బీటా గొలుసు అక్కర్లేదు. ఆరు నెలలు నిండుతుండగా ఆ పాత రకం తగ్గిపోయి కొత్తది రావాలి. అది రాదు. జతలేని ఆల్ఫా గొలుసులు కణంలోనే పేరుకుని, ఎర్ర కణాలను మూలుగలోనే చంపేస్తాయి. బిడ్డ పాలిపోతుంది, పాలు తాగదు, ప్లీహం పెరిగి కడుపు ఉబ్బుతుంది. మూలుగ లోటు పూడ్చాలని విపరీతంగా పెరగడంతో మొహంలో ఎముకలు ఉబ్బెత్తుగా తయారవుతాయి.

అప్పటినుంచి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. ఎక్కించిన ప్రతి సీసాతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. ఇనుమును బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. దాన్ని తీసేయడానికి రోజూ వేరే మందులు. పూర్తిగా నయం కావాలంటే మూలుగ మార్పిడి. తోబుట్టువు మూలుగ సరిపోయే అవకాశం మళ్లీ నాలుగో వంతే. 2023లో బ్రిటన్ మొట్టమొదటగా అనుమతించిన జన్యు సవరణ చికిత్స ఉంది కానీ దాని ఖరీదు మన కుటుంబాలకు అందేది కాదు. దేశంలో ఏటా పది వేలమందికి పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా. తల్లిదండ్రుల్లో చాలామందికి తాము క్యారియర్లమని తెలిసేది ఆ బిడ్డ పుట్టాకే.

గోత్రం చూసే దారి ఒక్కటే

పెళ్లి మాటల్లో మనవాళ్లు మొదట చూసేది గోత్రం. సగోత్రీకులైతే సంబంధం కుదరదు. దగ్గరి రక్తం కలవకూడదనే జాగ్రత్త అందులో ఉందని చాలామంది నమ్మకం. కానీ గోత్రం తండ్రి నుంచి కొడుక్కే పోతుంది. అంటే అది నడిచే దారి మగవాళ్ల వై క్రోమోజోమ్ దారి. బీటా గ్లోబిన్ జన్యువు ఉన్నది 11వ క్రోమోజోమ్ మీద, వైశ్యుల ఎంజైమ్ జన్యువు మూడో క్రోమోజోమ్ మీద. అవి అమ్మ వైపు నుంచీ వస్తాయి, నాన్న వైపు నుంచీ వస్తాయి. అయిదు తరాలు వెనక్కి వెళ్తే మనకు 32 మంది పూర్వీకులు. గోత్రం చెప్పేది వాళ్లలో ఒకే ఒక్కరి గురించి. మిగతా 31 మంది ఇచ్చిన జన్యువుల సంగతి దానికి పట్టదు.

మేనరికం ఈ పరీక్షలో సునాయాసంగా నెగ్గుతుంది. మేనమామది వేరే గోత్రం, ఆయన కూతురిదీ వేరే గోత్రం. అక్క కూతురిది బావగారి గోత్రం. వరసకు వరస, గోత్రానికి గోత్రం అన్నీ కుదిరాయి. లెక్క వేసి చూద్దాం. ఒక అబ్బాయి తలసేమియా క్యారియర్ అనుకోండి. ఆ ప్రతి అతనికి అమ్మ నుంచి వచ్చి ఉండటానికి సగం అవకాశం. అమ్మకు ఉంటే మేనమామకూ ఉండటానికి సగం. మేనమామకు ఉంటే ఆయన కూతురికి సగం. మూడు సగాలూ కలిపితే మేనమామ కూతురు కూడా క్యారియర్ అయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి. అక్క కూతురైతే మెట్లు రెండే: అక్కకు సగం, ఆమె కూతురికి అందులో సగం. నాలుగింట ఒకటి. మన దేశంలో మొత్తం మీద వందలో ముగ్గురు నలుగురు బీటా తలసేమియా క్యారియర్లు. అంటే బయటి పిల్లయితే పాతికమందిలో ఒకరు.

అక్క కూతురితో ముప్పు ఆరు రెట్లు పెరిగింది. తలసేమియా మన దేశంలో మరీ అరుదు కాదు కాబట్టి ఆరు రెట్లతో సరిపోయింది. వెయ్యిమందిలో ఒకరు మాత్రమే క్యారియర్లుండే అరుదైన జబ్బైతే? బయటి పిల్ల వెయ్యింట ఒకటి, అక్క కూతురు అప్పటికీ నాలుగింట ఒకటే. 250 రెట్ల తేడా. జబ్బు ఎంత అరుదైతే మేనరికం దాన్ని అంత దగ్గరికి లాక్కొస్తుంది.

మన మేనరికాల మీద శాస్త్రీయమైన లెక్కలు తీసినవాళ్లలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ప్రఖ్యాత జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు. 1960ల మొదట్లో మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి బంధువుల పెళ్లిళ్లు ఎంతమేరకు జరుగుతున్నాయో సర్వే చేశారు. తలసేమియా లాంటి జన్యువులు మనుషుల్లో ఇంతగా ఎందుకు నిలిచిపోయాయో 1949లోనే ఊహించినవారు హాల్డేనే. మలేరియా ఎక్కువగా ఉన్నచోట ఒక చెడ్డ ప్రతి ఉన్నవారికి కొంత రక్షణ దొరికి ఉంటుందన్నారాయన. కోయంబత్తూరు పొలిమేరల నుంచే కనిపించే నీలగిరుల్లో 1952లో గిరిజనుల రక్తంలో సికిల్ సెల్ లక్షణాన్ని లేమాన్, కట్‌బుష్ గుర్తించారు. మన దేశంలో ఆ లక్షణం బయటపడింది అప్పుడే. ఆ జన్యువుకూ మలేరియాకూ ఇదే లంకె.

రక్త లోపాలన్నీ ఈ రెండు ప్రతుల దారిలోనే రావు. గాయమైతే నెత్తురు ఆగని హీమోఫీలియా జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి ఎక్స్ ఒక్కటే కాబట్టి అమ్మ నుంచి చెడ్డ ప్రతి వస్తే చాలు, జబ్బు వస్తుంది. అందుకే అది మేనమామకూ మేనల్లుడికీ కనిపిస్తూ, మధ్యలో ఉన్న తల్లిని దాటేసినట్టుంటుంది. హీమోఫీలియా ఉన్న మేనమామ అక్క కూతుర్ని చేసుకుంటే, మామూలుగా ఆడపిల్లలకు రాని ఆ జబ్బు వాళ్లకూ వచ్చే వీలుంది.

దూరపు సంబంధమూ దగ్గరే

మేనరికం మానేస్తే సమస్య తీరిందనుకుంటే పొరపాటు. కోయంబత్తూరు వైశ్యుల ఉదాహరణ చెప్పేది అదే. ఏ బంధుత్వమూ లేని రెండు వైశ్య కుటుంబాల్లో ఒకే మార్పు, అదీ 307వ చోటే, ఎలా వచ్చింది? ఎన్నడో వాళ్ల పూర్వీకుల గుంపు చాలా చిన్నది. ఆ కొద్దిమందిలో ఒకరికి ఉన్న మార్పు, తాళపత్ర ప్రతిలో పడిన తప్పు దాన్ని చూసి రాసిన ప్రతులన్నిటిలోకీ పాకినట్టు, సంతతి లక్షలకు పెరిగినా వాళ్లతోపాటే పెరిగింది. బయటి పెళ్లిళ్లు లేవు కాబట్టి పలచబడలేదు. హైదరాబాద్ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు కలిసి చేసిన పరిశోధనల ప్రకారం వైశ్యుల్లో ఆ చిన్న గుంపు కాలం రెండు మూడు వేల ఏళ్ల కిందటిది. అప్పటినుంచి బయటివారితో కలయిక దాదాపు లేదు.

వైశ్యుల సంప్రదాయంలో 714 గోత్రాలుండేవనీ, వాసవీ కన్యక వెంట నిలిచినవి 102 అనీ కథ ఉంది. పెనుగొండ నుంచి కోయంబత్తూరు దాకా ప్రతి కన్యకా పరమేశ్వరి గుడిలోనూ ఆ కథ చెబుతారు. జన్యువులు చూపిస్తున్న కాలం ఆ కథ కాలానికంటే చాలా ముందుది కాబట్టి రెండింటికీ ముడిపెట్టలేం. కాకపోతే గుంపు చిక్కిపోవడం, మిగిలినవారు తమలో తామే ఉండిపోవడం అనే అనుభవం ఆ సమాజానికి కొత్త కాదు.

ఇందులో వైశ్యులను వేలెత్తి చూపాల్సింది ఏమీ లేదు. అదే బృందాలు 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో ఇలాంటి చిన్న గుంపు చరిత్ర బయటపడింది. జన్యు జబ్బుల అధ్యయనానికి పేరుమోసిన ఫిన్లాండ్ ప్రజల్లో, యూరప్ యూదుల్లో కంటే కూడా బలంగా. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలకు పైనే. వైశ్యుల పక్కనే ఆ జాబితాలో పట్టపు కాపులు, వడ్డెలు, రెడ్లు ఉన్నారు. తమిళనాడు నుంచి కళ్ళర్లూ అరుంధతీయులూ ఉన్నారు. కోయంబత్తూరు వైపు అరుంధతీయుల ఇళ్లలో చాలాచోట్ల మాట్లాడేది తెలుగే. కోమట్ల వీధికీ వాళ్ల వాడకూ మధ్య సమాజం ఎంత దూరం పెట్టినా, లోపలివాళ్లు లోపలివాళ్లనే చేసుకోవాలన్న కట్టు ఇద్దరికీ ఒకటే. దాని ఫలితమూ ఒకటే.

ఈ కట్టు అంకెల్లో ఎలా పనిచేస్తుందో చూడండి. వందమందికి ఒకరు క్యారియర్ అయితే, ఇద్దరు క్యారియర్లు కలిసే అవకాశం పదివేలకు ఒకటి. బిడ్డకు జబ్బు నలభై వేలకు ఒకటి. పదిమందికి ఒకరు క్యారియర్ అయితే, జబ్బు నాలుగు వందలకు ఒకటి. క్యారియర్లు పది రెట్లు పెరిగితే జబ్బు వంద రెట్లు పెరిగింది.

రిపోర్టులో ఏముంటుంది

ఈ లోపాల్ని పట్టుకోవడం కష్టం కాదు. ఒక పెళ్లీడు అమ్మాయి రక్తపరీక్ష రిపోర్టు ఇలా ఉందనుకుందాం. హీమోగ్లోబిన్ 10.8. మామూలుగా అయితే డాక్టరు ఇనుము మాత్రలు రాస్తారు, ఇంట్లో ఖర్జూరాలు, బెల్లం, మునగాకు పెడతారు. మూడు నెలలైనా అంకె కదలదు. కిందికి చూస్తే ఎం.సి.వి., అంటే ఎర్ర కణం సగటు పరిమాణం, 64. మామూలుగా 80కి పైన ఉండాలి. ఎర్ర కణాల సంఖ్య 58 లక్షలు. కణాలు చిన్నవి, సంఖ్య మాత్రం ఎక్కువ. ఇనుము లోపమైతే సంఖ్య కూడా తగ్గాలి. పరిమాణాన్ని మిలియన్లలో సంఖ్యతో భాగిస్తే, 64ను 5.8తో, 11 వస్తుంది. 13 కంటే తక్కువ వస్తే తలసేమియా క్యారియర్ కావచ్చని అనుమానించాలి. అమెరికన్ డాక్టర్ మెంట్జర్ 1973లో చెప్పిన సులువైన లెక్క ఇది. ఆ తర్వాత హెచ్.పి.ఎల్.సి. పరీక్షలో హీమోగ్లోబిన్ ఎ2 మూడున్నర శాతం దాటితే ఖాయం. ఇనుము బాగా తక్కువగా ఉన్నప్పుడు ఎ2 తగ్గి కనిపించవచ్చు కాబట్టి, అనుమానం ఉంటే ఇనుము సరిచేశాక మళ్లీ చూడాలి.

బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ ఎంతుందో చెప్పడానికీ మామూలు రక్తపరీక్షే చాలు. నిజానికి పల్లెల్లో పురుగుమందు తాగిన కేసుల్లో ఆస్పత్రులు చేసేది ఇదే పరీక్ష. పురుగుమందు ఈ ఎంజైమ్‌ను పడగొడుతుంది. పుట్టుకతోనే ఎంజైమ్ లేని మనిషి వేరే కారణంతో ఆస్పత్రికి వస్తే, ఆ రిపోర్టు చూసి విషం తాగాడని భ్రమపడే ప్రమాదమూ ఉంది. లోపం ఉన్నట్టు ముందే తెలిస్తే మత్తు డాక్టరు సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం పక్కనబెట్టి, ఈ ఎంజైమ్‌తో పనిలేని రోక్యురోనియం లాంటి మందు వాడతారు. ఇంట్లో ఒకరికి తేలితే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూడా చూపించుకోవాలి. పర్సులో ఒక చీటీ రాసి పెట్టుకుంటే అత్యవసర ఆపరేషన్‌లో ప్రాణం కాపాడుతుంది.

చిన్న వలయానికి ఉన్న మేలు

ఏ సమూహంలో ఏ జబ్బు ఎక్కువో తెలిస్తే వెతకవలసింది తక్కువ. సైప్రస్ ద్వీపంలో ప్రతి ఏడుగురిలో ఒకరు బీటా తలసేమియా క్యారియర్. 1970ల నుంచి అక్కడ పరీక్షలు మొదలయ్యాయి. చర్చిలో పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్న పత్రం అడగడం ఆనవాయితీ అయింది. తలసేమియా మేజర్‌తో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. న్యూయార్క్‌లో టే-శాక్స్ జబ్బుకు నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న యూదు మతగురువు జోసెఫ్ ఎక్స్‌టైన్ 1983లో దోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టారు. అక్కడా పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లే. పిల్లల రక్తాన్ని ముందే పరీక్షించి ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇస్తారు, ఫలితం మాత్రం చెప్పరు. సంబంధం మాటల్లోకి రాగానే రెండు నంబర్లూ చెబితే, జత కుదురుతుందా లేదా అన్నదొక్కటే చెబుతారు. ఎవరు క్యారియరో ఊరికి తెలియదు, పిల్ల మీద మచ్చ పడదు.

మన దగ్గర దీనికి కావలసిన ఏర్పాటంతా ఉంది. వాసవీ సంఘాలున్నాయి, నాయుడు సంఘాలున్నాయి, కులానికో పెళ్లి సంబంధాల పుస్తకం ఉంది. ఆ పుస్తకంలో గోత్రం, నక్షత్రం, ఎత్తు, జీతం గడుల పక్కన రక్తపరీక్ష గడి పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. పెట్టేముందు మాత్రం సైప్రస్ కంటే దోర్ యెషోరిమ్ నుంచే ఎక్కువ నేర్చుకోవాలి. క్యారియర్ అన్న ముద్ర పడితే ఆడపిల్ల సంబంధాలే ముందు తప్పిపోతాయి, మగపిల్లాడి రిపోర్టు ఎవరూ అడగరు. ఎవరి ఫలితం వాళ్ల చేతిలోనే ఉండాలి.

ఇద్దరూ క్యారియర్లని తేలినంత మాత్రాన సంబంధం తెంచుకోవలసిన పని లేదు. పెళ్లయినవాళ్లకు తర్వాత తెలిసినా దారి మూసుకుపోలేదు. గర్భం పది పన్నెండు వారాల్లో ఉండగానే మావి నుంచి చిన్న ముక్క తీసి, బిడ్డకు వచ్చిన రెండు ప్రతులూ ఎలాంటివో చూడవచ్చు. దానికి ముందుగా భార్యాభర్తల జన్యు మార్పు ఏదో తేలి ఉండాలి, ఆ రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది. కాబట్టి కాన్పుకు రాసే మొట్టమొదటి రక్తపరీక్షల్లోనే ఎం.సి.వి. అంకె చూడమని డాక్టర్ని అడగాలి. 80కి తక్కువగా ఉంటే ఆ వారంలోనే భర్తను కూడా ల్యాబుకు వెంటబెట్టుకు వెళ్లాలి.